జావా కొండ మీద ఎకరం ఎంత?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇండోనేషియా అనుభవాలు చెప్పమని నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. అయితే ఈ ప్రసంగానికి శీర్షిక పెట్టింది నేను కాదు, మా బ్యాచి వాట్సాప్ గ్రూపు. భూతాప విద్యుత్ ప్రాజెక్టు పని మీద నేను మూడేళ్ళు ఒక జావా పల్లెలో అద్దెకున్నానని తెలిసిన దగ్గర్నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న: "ఒరేయ్, అక్కడ ఎకరం ఎంత?" ఇద్దరు ముగ్గురైతే లెక్క కూడా వేసేశారు. తలా కొంత వేసుకుని పదెకరాలు కొందాం, చల్లటి కొండ, మంచి గాలి, రిటైరయ్యాక అందరం అక్కడే, అన్నారు. వాళ్ళ ఉత్సాహం నిజమైనది. వాళ్ళు పెట్టాలనుకున్న డబ్బు కూడా నిజమైనదే. కాబట్టి ఇవాళ ఆ ప్రశ్నకే సమాధానం చెబుతాను. రేటు మాత్రం చెప్పను, అది ఏడాదికోలా ఉంటుంది. ఆ రేటు వెనక ఉన్నదేమిటో చెబుతాను.

ముందు ఆ ఊరు ఎక్కడుందో చూడండి. జావా ద్వీపం మన ఆంధ్రప్రదేశ్ కన్నా విస్తీర్ణంలో చిన్నది. జనం మాత్రం పదిహేను కోట్ల పైమాటే. అంత జనం నడుమ మారుమూల పల్లె ఉంటుందా అని అడగొచ్చు. ఉంటుంది, కొండెక్కితే. ద్వీపం మధ్యలో వొనొసోబో అనే పట్టణం ఉంది. అక్కడి నుంచి 26 కిలోమీటర్లు మెలికల రోడ్డు మీద పైకి పోతే డియెంగ్ పీఠభూమి వస్తుంది. సముద్ర మట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తు. రోడ్డు వదిలి ఇంకా లోపలికి వెళ్తే మేమున్న ఊరు.

డియెంగ్ అంటే దేవతల చోటు అని చెబుతారు. జావాలోని హిందూ ఆలయాల్లో బాగా పాతవి అక్కడే ఉన్నాయి, పన్నెండు వందల ఏళ్ళ పైబడినవి. వాటికి అర్జున, భీమ, ఘటోత్కచ, శ్రీకండి, సుభద్ర అని పేర్లు. ఇవి కట్టినవాళ్ళు పెట్టిన పేర్లు కావు. తరవాతి కాలపు జావా జనం తమ తోలుబొమ్మలాట పాత్రల పేర్లు వాటికి పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ ఊళ్ళలో ఉన్నవారు దాదాపు అందరూ ముస్లింలు. అయినా భీముడు వాళ్ళ భీముడే. సెరాయు నది పుట్టే ఊటకు కూడా భీముడి పేరే.

భాష వినగానే మనకు సగం అర్థమైనట్టుంటుంది, సగం మోసం చేస్తుంది. వాళ్ళ భాషలో 'దేశా' అంటే పల్లెటూరు. 'కెపాలా దేశా' అంటే ఊరి పెద్ద. కెపాలా మన కపాలమే. 'హర్గా' అంటే ధర, అది సంస్కృత 'అర్ఘ'. 'సువామి' అంటే భర్త. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మా ఆవిడ ఎంత నవ్విందో, తరవాత నన్ను ఆ మాటతో ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో ఇక్కడ చెప్పను.

అక్కడ బతుకు ఎలా ఉంటుందంటే, ముందు చలి. జూలై, ఆగస్టుల్లో తెల్లవారుజామున పొలాల మీద మంచు పేరుకుంటుంది. దాన్ని వాళ్ళు 'విషపు మంచు' అంటారు. బయటి నుంచి వచ్చినవాళ్ళు దాన్ని ఫొటోలు తీసుకుంటారు. రైతు తలపట్టుకుంటాడు, ఎందుకంటే ఆ మంచు తగిలిన బంగాళాదుంప ఆకు ఎండెక్కేసరికి మాడిపోతుంది. సాయంత్రమైతే ఇంటిల్లిపాదీ వంటింట్లో పొయ్యి చుట్టూ చేరతారు. చుట్టం వచ్చినా కూర్చోబెట్టేది అక్కడే. ఊళ్ళో కొందరు పిల్లలకు జుట్టు జడలు కట్టుకుపోతుంది. ఆ జుట్టు ఎప్పుడు పడితే అప్పుడు తీయరు. తీయించుకుంటానని పిల్లే చెప్పాలి, తనకు కావలసినదేదో కోరాలి, తల్లిదండ్రులు అది తెచ్చి ఇవ్వాలి. మన పుట్టువెంట్రుకల మొక్కు తెలిసినవాళ్ళకు ఇదేమీ వింత కాదు. మన దగ్గర కోరిక దేవుడిది, అక్కడ పిల్లది, అంతే తేడా.

పంట బంగాళాదుంప. 1980ల నుంచి అదే రాజ్యం. నాలుగు నెలల్లోపు చేతికొస్తుంది. ఏడాదికి రెండు, ఒక్కోసారి మూడు పంటలు తీస్తారు. దాంతో ఆ కొండ మీద పెంకుటిళ్ళు పోయి టైల్సు వేసిన ఇళ్ళు వచ్చాయి, మోటారు సైకిళ్ళు వచ్చాయి, కొందరు మక్కా వెళ్ళొచ్చారు. మరో రకం డబ్బు కూడా ఉంది. మధ్య జావా పల్లెల నుంచి ఆడవాళ్ళు ఇంటిపనికి హాంకాంగ్, తైవాన్, సౌదీ వెళ్తారు. మన గోదావరి జిల్లాల నుంచి కువైట్, మస్కట్ వెళ్ళిన అక్కచెల్లెళ్ళ ఇళ్ళు మీరు చూసే ఉంటారు. ముందు నున్నటి రంగు, లోపల తాతా మనవడూ. అచ్చం అలాంటి ఇళ్ళు అక్కడా చూశాను.

ఊరికి కొత్తగా ఎవరొచ్చినా ఇరవై నాలుగు గంటల్లో వీధి పెద్దకు చెప్పుకోవాలి. ప్రతి వీధి మొదట్లో బోర్డు ఉంటుంది. మా ఇంటాయన మొదటి రోజే నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ తరవాత వారం వారం నాకూ వంతులు పడ్డాయి. రాత్రి కాపలా, కాలవ పూడిక తీత, ఎవరింట్లోనైనా చావైతే పందిరి వేయడం. దీన్ని వాళ్ళు 'గోతోంగ్ రోయోంగ్' అంటారు. నలుగురూ కలిసి మోసేది అని మనం అర్థం చెప్పుకోవచ్చు. రాత్రి కాపలావాళ్ళు తీసుకుపోవడానికి ఇంటి ముందు చిన్న డబ్బాలో కాసిని బియ్యం పెట్టే ఆచారం మధ్య జావా ఊళ్ళలో ఉంది. మన పిడికెడు బియ్యం లాంటిదే. ఈ పనులకు కూలి ఉండదు, తప్పించుకుంటే జరిమానా కూడా ఉండదు. కానీ ఎవరు వచ్చారో ఎవరు రాలేదో ఊరంతటికీ గుర్తుంటుంది.

ఇక భూమి సంగతి. మా ఇంటాయనకు మొత్తం అర హెక్టారు, అంటే ఎకరం పావు. అదీ నాలుగు చోట్ల. జావాలో అర హెక్టారు దాటని రైతులే ఎక్కువ. ముక్కలు ఎందుకయ్యాయంటే మనకు తెలిసిన కారణమే, పంపకాలు. జావా పాత లెక్క ఒకటుంది. మగాడు కావడితో రెండు వైపులా మోస్తాడు కాబట్టి రెండు పాళ్ళు, ఆడది వీపున ఒక్క మూట మోస్తుంది కాబట్టి ఒక పాలు. చాలా ఇళ్ళలో ఇప్పుడు సమానంగానే పంచుతున్నారు. రెండు లెక్కల్లోనూ ముక్క మాత్రం చిన్నదవుతూనే ఉంది. భూమి లేనివాళ్ళు సగపాలుకి చేస్తారు, దాన్ని 'మారో' అంటారు. డబ్బు అవసరమైతే చేను అవతలివాడికి అప్పగించి అప్పు తీర్చాక వెనక్కి తీసుకుంటారు. మన స్వాధీన తనఖా. వాళ్ళ మాట 'గడాయ్'. ఊరి పెద్దకు జీతం బదులు అనుభవించుకోమని ఇచ్చే పొలం ఉంటుంది. మన కరణాల మాన్యం విన్న పెద్దలకు అది ఇట్టే అర్థమవుతుంది.

కాగితాల దగ్గరికి వద్దాం. ఆ దేశపు భూచట్టం 1960 సెప్టెంబరు 24న వచ్చింది. దాని ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు పేరు 'హాక్ మిలిక్'. దానికి భూమి కార్యాలయం ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. కానీ పల్లెల్లో చాలాకాలం నడిచింది వేరే కాగితాలతో: గిరిక్ అనే పన్ను పత్రం, ఊరి కార్యాలయంలో 'లెటర్ సి' అనే పాత చిట్టా. శిస్తు రశీదు చూపించి భూమి నాదే అంటే మన ఎమ్మార్వో ఆఫీసులో ఏమంటారు? అక్కడా అదే అంటారు. పన్ను కట్టినవాడెవడో అది చెబుతుంది, సొంతదారు ఎవరో చెప్పదు. 2017 నుంచి ఊరూరా తిరిగి కొలిచి సర్టిఫికెట్లిచ్చే కార్యక్రమం పెట్టారు. 2021లో వచ్చిన నియమం పాత కాగితాలను అయిదేళ్ళలోగా నమోదు చేసుకోమంది. ఆ గడువు దాటాక అవి హక్కుకు రుజువుగా చెల్లవు, వెతకడానికి ఆధారంగా మాత్రమే పనికొస్తాయి. కాబట్టి అక్కడ చవగ్గా వస్తోందని ఎవరైనా చెబితే, మొదటి అనుమానం అది ఏ కాగితం మీద ఉందన్నదే. సర్టిఫికెట్ ఉన్న చేను అంత చవగ్గా ఎవరూ ఇవ్వరు.

సరే, కాగితం మంచిదే అనుకుందాం. మా వాళ్ళు కొనగలరా? లేదు. హాక్ మిలిక్ ఇండోనేషియా పౌరులకే. విదేశీయుడు అక్కడ నివాసముంటే ఇంటి కోసం 'హాక్ పకాయ్' అనే వాడుక హక్కు తీసుకోవచ్చు. ముప్పై ఏళ్ళు, ఆపైన ఇరవై, ఆపైన మరో ముప్పై. బంగాళాదుంప చేను కొని రైతునవుతానంటే కుదరదు. ఆ దేశపు ఆడపిల్లను పెళ్ళి చేసుకున్నా, ఆస్తులు వేరని ఒప్పందం రాసుకోకపోతే ఆమె కొనే భూమికే చిక్కు. ఆ దేశపు మనిషే ఇంకో దేశపు పౌరసత్వం తీసుకుంటే ఏడాదిలోగా తన భూమి వదులుకోవాలి.

ఇక్కడే దళారీ వస్తాడు. "ఏం ఫరవాలేదు సార్, మనవాడి పేరు మీద కొందాం, మీకు విడిగా కాగితం రాసిస్తాడు" అంటాడు. దీనికి అక్కడ పేరే ఉంది, 'పింజామ్ నామా'. నామా అంటే మన నామమే, పింజామ్ అంటే అరువు. పేరు అరువు. 1960 చట్టం 26వ నిబంధన ఈ తిరకాసును ముందే ఊహించింది. విదేశీయుడికి సూటిగా గానీ దొంగదారిన గానీ యాజమాన్యం చేర్చే లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు వెనక్కి అడిగే హక్కు లేదు. మూడు మాటల్లో అయిపోయింది. పేరు అరువిచ్చినవాడు మంచివాడే అనుకోండి, రేపు ఆయన పోతే పిల్లలకు మీరెవరో తెలియదు. కాగితం మీద అది వాళ్ళ నాన్న పొలం. వాళ్ళు మోసగాళ్ళని ఎలా అంటాం?

విదేశీయుల సంగతి అలా ఉంచండి. ఆ దేశంవాళ్ళకే ఒక నియమం ఉంది. నాకు అన్నిటికన్నా ఆలోచన పుట్టించింది అదే. 1961 నాటి భూసంస్కరణ నిబంధనల ప్రకారం సాగుభూమి ఉన్నవాడు ఆ భూమి ఉన్న మండలంలోనే, లేదా దానికి ఆనుకున్న చోట కాపురముండాలి. దూరంగా ఉంటే ఆరు నెలల్లో అక్కడికి మారాలి, లేదా ఉన్నవాళ్ళకు ఇచ్చెయ్యాలి. ప్రభుత్వ ఉద్యోగులకు సడలింపులున్నాయి. ఈ నియమం పుస్తకంలో ఉన్నంత గట్టిగా నేల మీద లేదు. జకార్తాలో ఉంటూ పల్లెలో పొలం పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అయినా ఆ మాట చట్టంలో ఉండటమే పెద్ద విషయం. సాగు చేసేవాడు ఊళ్ళో ఉండాలి, ఊళ్ళో ఉన్నవాడు సాగు చెయ్యాలి.

ఒకసారి పొయ్యి దగ్గర కూర్చుని మా ఇంటాయనను అడిగాను, "పా, ఇక్కడ చేను ఎంత పలుకుతుంది?" అని. పా అంటే అయ్యగారు. ఆయన ధర చెప్పలేదు. "కొన్నాక ఎవరు దున్నుతారు?" అన్నాడు. కూలికి పెడతానన్నాను సరదాకి. "మరి రాత్రి కాపలా వంతు ఎవరు చేస్తారు?" అన్నాడు. చట్టం చదవని మనిషి, చట్టంలో ఉన్నదే చెప్పాడు.

ఇప్పుడు ఇంజనీరుగా నాలుగు మాటలు. ఆస్తి అంటే మనం సర్వే నంబరు, హద్దులు చూస్తాం. ఆ కొండ మీద హద్దులు కదలవు గానీ మన్ను కదులుతుంది. దుంపకు తడి నిలిస్తే కుళ్ళు. అందుకని రైతులు బోదెలను వాలుకు అడ్డంగా కాక వాలు వెంట నిలువుగా తోలతారు. నీరు జర్రున దిగుతుంది, పైమట్టిని వెంట తీసుకుపోతుంది. పోయిన సారాన్ని లారీల కోడిపెంటతో పూడుస్తారు. దిగువన బంజర్‌నెగారా దగ్గర సెరాయు మీద 1980ల చివర కట్టిన మ్రిచా జలాశయం ఉంది, జలవిద్యుత్ కోసం. దాని కడుపులో చాలా భాగం ఇప్పటికే ఒండ్రుతో నిండింది. ఆ ఒండ్రులో మా ఇంటాయన నాలుగు ముక్కల మన్నూ ఉంది. సర్టిఫికెట్ మీద అర హెక్టారు అర హెక్టారుగానే ఉంటుంది. దాని విలువ మాత్రం ప్రతి వానకూ కిందికి నడుస్తోంది. మనం డెల్టావాళ్ళం, మన పొలాల మట్టి కూడా ఎవరో కొండల నుంచి వచ్చిందే కాబట్టి ఈ లెక్క మనకు త్వరగా అర్థం కావాలి.

వాలు తెగితే ఏమవుతుందో కూడా ఆ జిల్లాకు తెలుసు. 2014 డిసెంబరు 12న బంజర్‌నెగారా జిల్లా జెంబ్లుంగ్ అనే పల్లె మీద కొండ జారింది. వంద మంది దాకా పోయారు. డియెంగ్ కింద నిప్పు కూడా ఉంది. మా ప్రాజెక్టుకు ఆవిరి ఇచ్చేది ఆ నిప్పే. 1979 ఫిబ్రవరి 20న సినీలా బిలం దగ్గర పేలుడుకు భయపడి పారిపోతున్నవాళ్ళు దారిలో నేలబారుగా పరుచుకున్న కార్బన్ డయాక్సైడ్‌లోకి వెళ్ళారు. సుమారు 150 మంది చనిపోయారు. వాసన లేదు, రంగు లేదు. తెల్లవారుజామున పల్లంలోకి ఎప్పుడు దిగకూడదో ఆ ఊరి పెద్దలకు తెలుసు. పదెకరాలు కొన్న పెద్దమనిషికి ఎవరు చెప్పాలి?

అయితే ఆ ఊరికి భవిష్యత్తు లేదా? ఉంది, అక్కడ ఉండేవాళ్ళకు. సర్టిఫికెట్ వచ్చాక మా ఇంటాయన కొడుకు బ్యాంకులో అప్పు తీసుకోగలిగాడు, వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా. రెండు గదులు బాగుచేసి ఆలయాలు చూడటానికి వచ్చేవాళ్ళకు ఇస్తున్నారు. చేను గట్ల మీద కారికా అనే కొండబొప్పాయి నాటారు. దాని వేరు మట్టిని పట్టుకుంటుంది, కాయను పాకంలో వేసి సీసాల్లో అమ్ముతారు. ఇవన్నీ చిన్న పనులు. రోజూ అక్కడ కనబడేవాడే చెయ్యగలిగిన పనులు. ఇష్టపడి వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే. అద్దెకు ఉండండి, వీధి పెద్దకు చెప్పుకోండి, కాపలా వంతు చెయ్యండి. ఆ ఊరు మీకు ఇవ్వగలిగినదంతా అద్దెలోనే వస్తుంది.

గురువుగారు ఒకరు పొద్దున నన్ను అడిగారు, "ఇదంతా మనకెందుకు చెబుతున్నావురా?" అని. మాస్టారూ, ఇందుకు. ఈ హాల్లో కూర్చున్న మాలో చాలామందికి ఈ చుట్టుపక్కల ఊళ్ళలో నాన్నలిచ్చిన ఎకరాలున్నాయి. మేము హైదరాబాదులో, బెంగళూరులో, డల్లాస్‌లో ఉన్నాం. చట్టం మన దగ్గరా కొంత ఆలోచించింది. విదేశంలో స్థిరపడ్డ భారతీయుడికి వ్యవసాయ భూమి కొనడానికి సాధారణ అనుమతి లేదు, వారసత్వంగా మాత్రం రావచ్చు. అలా వచ్చిన చేలను ఎవరు దున్నుతున్నారు? కౌలు రైతు. కాలవ పూడిక తీసేదెవరు? ఆయనే. తుపాను వస్తే పంట నష్టం ఎవరిది? ఆయనదే. పరిహారం మాత్రం చాలాసార్లు పాసుపుస్తకం ఉన్నవాడి ఖాతాలో పడుతుంది.

మన రాష్ట్రంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. యజమాని సమ్మతితో కౌలు రైతుకు పదకొండు నెలల పత్రం ఇస్తారు. దాంతో పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి దారి ఉంటుంది. యజమాని హక్కుకు దానివల్ల ఏ భంగమూ లేదని ఆ చట్టంలోనే రాసి ఉంది. అయినా ఆ సంతకం దొరక్క తిరిగినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళలో మనతో ఇదే బడిలో చదివినవాళ్ళు కూడా ఉన్నారు. కొందరు ఈ సభకు వచ్చారు, వెనక నిలబడి ఉన్నారు.

కాబట్టి మిత్రులారా, జావా కొండ మీద ఎకరం కోసం దాచిన డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. మన ఊళ్ళో ఉన్న ఎకరం సంగతి ఈ రెండు రోజుల్లో చూడండి. ఎలాగూ వచ్చారు, చేను గట్టు దాకా వెళ్ళండి. దున్నుతున్న మనిషిని పేరుపెట్టి పలకరించండి. సంతకం అడిగితే పెట్టండి. అడగడానికి మొహమాటపడితే మీరే అడగండి.

 భోజనాలు సిద్ధమయ్యాయని సైగ చేస్తున్నారు. బంగాళాదుంప వేపుడు ఉందట. అది జావా నుంచి రాలేదని వంటాయనను అడిగి తెలుసుకున్నాను. నమస్కారం.